బెత్తెడు నీరు, జానెడు ముక్కు: కొల్లేటి మాగాణుల్లో శీతకాలపు పక్షులు

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో కొల్లేరు ఉంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే వాననీరు, చుట్టుపక్కల పొలాల మురుగునీరు ఇందులో చేరుతుంది. మిగులు ఉప్పుటేరు గుండా బంగాళాఖాతంలోకి పోతుంది. సరస్సు చుట్టూ వరి మాగాణులు, పంటకాలువలు, చేపల చెరువులు, జమ్ము పెరిగిన పర్రలు ఒకదానిలోకి ఒకటి కలిసిపోయి ఉంటాయి. నవంబరు నుంచి మార్చి వరకు పక్షుల కోసం వచ్చేవారిలో చాలామంది ఆటపాక దగ్గర పడవెక్కి, గూడబాతుల్ని చూసి వెనక్కి వెళ్తారు. ఆ దృశ్యం గొప్పదే. కానీ వచ్చిన దారిలో రోడ్డుకు రెండు పక్కలా ఉన్న మడుల్లో చూడవలసింది అంతకు తక్కువేమీ కాదు. ఏ పక్షి ఎక్కడ దొరుకుతుందో తేల్చేది ఊరి పేరో సరస్సు పేరో కాదు, అక్కడి నీటి లోతు. ఆ లోతును అడుగులతో కాదు, వేళ్లతో కొలవాలి.

కొంగలు, ఉల్లంకులు, కంకణాలు ఈదుతూ మేత వెతుక్కునేవి కావు. కాళ్ల మీద నిలబడి తినేవి. వాటి కాలి పొడవును మించి నీళ్లుంటే ఆ చెరువులో ఎంత మేత ఉన్నా వాటికి లేనట్టే. పాతిక ముప్పై గ్రాముల బరువుండే చిన్న ఉల్లంకి తడి బురద అంచున తిరుగుతుంది. దానికన్నా పెద్దదైన అడవి ఉల్లంకి రెండు మూడు వేళ్ల నీటిలో నడుస్తుంది. నల్లతోక గాడ్‌విట్ బెత్తెడు నీటిలో పొట్ట తడిసేదాకా దిగుతుంది. ఎర్రకాళ్ల కొంగకు జానెడు నీరైనా సమ్మతమే. తల ముంచి తోక పైకెత్తి మేసే బాతులకు మోకాటి లోతు చాలు. అంతకు మించిన లోతులో బొల్లికోళ్లు, మునుగుడు కోళ్లు, నీటికాకులు వంటివే బతకగలవు. ఒకే గట్టు మీద నిలబడి ఇటు మడిని, అటు చెరువును చూస్తే రెండు వేర్వేరు లోకాలు కనిపించడానికి కారణం ఇదే.

డెల్టాలో ఈ బెత్తెడు నీరు చాలావరకు మనుషులు పెట్టిందే. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, కృష్ణ మీద విజయవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. కాలువలు సాగి, లక్షల ఎకరాలు వరి మళ్లయ్యాయి. వరి మడి అంటే గట్లు కట్టి, చదును చేసి, పలుచగా నీరు నిలిపిన నేల. నీటిపిట్ట దృష్టిలో అది ఏటా కొన్ని నెలలు వచ్చిపోయే చిత్తడి. సహజమైన చిత్తడి నేలలు కుంచించుకుపోయిన చోట వాటి పనిలో కొంత భాగం ఈ మడులే చేస్తున్నాయి. అందుకే పక్షుల రాకపోకలు తెలియాలంటే పంటల కాలం తెలియాలి.

సార్వా వరి, అంటే తొలి పంట, నవంబరు, డిసెంబరు నెలల్లో కోతకు వస్తుంది. నీరు తీసేసిన మడిలో బురద ఆరుతూ ఉండగా పురుగులు, నత్తలు, పీతలు పైకి తేలతాయి. కోత తర్వాత రాలిన గింజలు మిగులుతాయి. వాటి కోసం పావురాలు, పిచ్చుకలు, జీనువాయిలు దిగుతాయి, ఊరూరా తిరిగే బాతుల పెంపకందార్లు తమ మందల్ని తోలుకొస్తారు. కృష్ణా డెల్టాలో చాలా చోట్ల కోతకు రెండు మూడు రోజుల ముందే తడి మడిలో మినుమో పెసరో చల్లుతారు. ఆ చేలు క్రమంగా పొడినేలగా మారి జిట్టంగులకు, వానకోవెలలకు, పసుల పోలిగాళ్లకు వేటస్థలం అవుతాయి. దాళ్వా, అంటే రెండో వరి, వేసే చోట డిసెంబరు చివరి నుంచి మళ్లీ నీళ్లు పెట్టి దమ్ము చేస్తారు. ఒకే గ్రామంలో ఒకవైపు ఎండిన మోళ్లు, ఇంకోవైపు పచ్చని మినుము, మరోవైపు అప్పుడే దమ్ము చేసిన మడి ఉండటం వల్లే శీతకాలంలో ఇక్కడ ఇన్ని రకాలు ఒకేచోట కనిపిస్తాయి.

ఎవరు వలస పక్షులు, ఎవరు కారు

ఏటా పత్రికల్లో ఒక పొరపాటు కనిపిస్తుంది. ఊరి చింతచెట్ల మీద గూళ్లు పెట్టే ఎర్రకాళ్ల కొంగల్ని, నత్తగుల్ల కొంగల్ని, గూడబాతుల్ని సైబీరియా పక్షులని రాస్తారు. ఈ మూడూ దక్షిణాసియా పక్షులే. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం, నెల్లూరు వైపు నేలపట్టు, గుంటూరు దగ్గర ఉప్పలపాడు, కొల్లేటి ఆటపాక వంటి చోట్ల గూళ్లు పెట్టి పిల్లల్ని పెంచేది ఇక్కడి పక్షులే. నీటిని బట్టి ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మారతాయి తప్ప సైబీరియా ముఖం చూడవు. సైబీరియా కొంగ అన్న పేరు నిజంగా చెల్లే పక్షి వేరు. అది తెల్లటి పెద్ద క్రౌంచ పక్షి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు వచ్చే దాని చివరి జంట 2002 తర్వాత మళ్లీ కనిపించలేదు. ఈ తేడా ముఖ్యమైనది. గూడబాతును విదేశీ అతిథి అనుకుంటే దాని కష్టసుఖాలు ఎక్కడో దూరదేశంలో తేలతాయనిపిస్తుంది. నిజానికి అవి మన చెరువుల్లోనే, మన చెట్ల మీదే తేలుతున్నాయి.

శీతకాలంలోనే వచ్చి వెళ్లేవి వేరే ఉన్నాయి. సూదితోక బాతు, గరిటెముక్కు బాతు, గార్గనీ బాతు, గాడ్‌విట్, రకరకాల ఉల్లంకులు, పసుపు జిట్టంగి, జమ్ము మీద వాలుగా ఎగిరే మార్ష్ హారియర్ గద్ద, పొదల్లో దాక్కునే నీలికంఠపు పిట్ట ఇలాంటివి. ఇవి గూళ్లు పెట్టేది ఉత్తర, మధ్య ఆసియాల్లో. అవి వదిలి వచ్చేది చలికి తాళలేక అనుకుంటారు. ఈకల కింద పొర దాదాపు ఎంత చలినైనా ఆపుతుంది. అసలు సమస్య మేత. అక్కడ నీరు గడ్డకట్టగానే బురదలోని పురుగు, నీటిలోని గింజ రెండూ మూతపడతాయి. మంచు కరిగిన వేసవిలో మాత్రం ఉత్తరాదిన పగళ్లు చాలా పొడవు, దోమలూ పురుగులూ లెక్కలేనన్ని. పిల్లల్ని పెంచడానికి అంతకు మించిన చోటు లేదు. మన చిత్తళ్లు అదే సమయంలో, ఏప్రిల్, మే నెలల్లో, ఎండిపోతాయి. రెండు చోట్లా మంచి కాలాన్నే వాడుకోవడం వలస వెనుక ఉన్న లెక్క.

ఉత్తర ధ్రువ ప్రాంతం నుంచి హిందూ మహాసముద్రం వరకు సాగే ఈ ప్రయాణ మార్గాన్ని మధ్య ఆసియా వలస మార్గం అంటారు. దాదాపు 30 దేశాల మీదుగా పోతుంది. భారతదేశం దాని దక్షిణ భాగంలో ఉంది. బయలుదేరే ముందు ఉల్లంకులు చర్మం కింద కొవ్వు నింపుకుంటాయి, అదే దారి పొడవునా ఇంధనం. తల మీద రెండు నల్ల పట్టీలుండే బార్ హెడెడ్ గూస్ అనే బాతు మంగోలియా, టిబెట్ పీఠభూమి నుంచి హిమాలయాలు దాటి దక్షిణ భారతానికి వస్తుంది. ఉపగ్రహ పరికరాలు కట్టి చూసినప్పుడు అవి ఏడు వేల మీటర్లకు పైగా ఎగిరినట్టు నమోదైంది. కానీ అంత ఎత్తులోనే కొనసాగవు. కొండల వాలు వెంట దిగుతూ ఎక్కుతూ, గాలి చిక్కగా ఉన్న చోట్లు చూసుకుంటూ పోతాయి. పలుచని గాలి నుంచి కూడా ప్రాణవాయువును గట్టిగా పట్టుకునే హిమోగ్లోబిన్ వాటి రక్తంలో ఉంది.

తెల్లవారుజామున

జనవరిలో డెల్టాలో ఆరున్నర దాటాక పొద్దు పొడుస్తుంది. దానికి అరగంట ముందే గట్టు మీద ఉండటం మంచిది. పొగమంచు కమ్మి ఉంటే ఏమీ కనిపించదు. అప్పుడు చెవులే ఆధారం. జమ్ములో నీలి జంబుకోళ్ల రొద, ఇంటికి మళ్లే చింత వొక్కుల గొంతు, గట్టు మీద ఎవరైనా నడిస్తే వెంటనే అరిచే తీతువు. తల మీదుగా ఈల వేస్తూ పోయే గుంపు చిలువలది. అవి రాత్రంతా మడుల్లో మేసి, పగలు పడుకోవడానికి సరస్సుకు తిరిగి వస్తున్నాయి. బాతుల్లో చాలా రకాలది ఇదే పద్ధతి. పగలు సరస్సులో కునుకు తీస్తూ కనిపించే బాతును చూసి అక్కడే మేస్తుందనుకోవడం సరికాదు. అది తినే పొలం కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉండవచ్చు. సరస్సును కాపాడి పొలాల్ని మరిచిపోతే బాతుకు పడకే మిగులుతుంది, కూడు మిగలదు.

పరికరాల్లో తప్పనిసరిది బైనాక్యులర్స్ ఒక్కటే. వాటి మీద 8×42 అని ఉంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపుతుందని, ముందు కటకం వెడల్పు 42 మిల్లీమీటర్లని అర్థం. 42ను 8తో భాగిస్తే వచ్చే అయిదు చిల్లర మిల్లీమీటర్లు కంటికి చేరే కాంతి పుంజం వెడల్పు. మసక వెలుతురులో కంటిపాప కూడా దాదాపు అంతే విచ్చుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున, సాయంత్రం ఈ కొలత బాగా పనికొస్తుంది. మరీ ఎక్కువ రెట్లు చూపేది తీసుకుంటే చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది. పొద్దున పూట సూర్యుణ్ణి వీపు వైపు ఉంచుకోవాలి, అంటే మడికి తూర్పు గట్టు మీద నిలబడి పడమటికి చూడాలి. ఎదురెండలో ఉల్లంకులన్నీ ఒకే నల్లటి నీడలు.

దమ్ము మడిలో

పొద్దెక్కే వేళకు ట్రాక్టర్లు దమ్ములోకి దిగుతాయి. వాటికి తగిలించిన ఇనుప చక్రాలు (కేజ్ వీల్స్) బురదను తిరగవేసిన క్షణంలోనే వానపాములు, చిమ్మెటలు, కప్పలు పైకి వస్తాయి. వెనకాలే తెల్లకొంగల వరస. పశువుల వెంట తిరిగే కొంగ ఇంతకుముందు గేదెల వెంట, నాగలి వెంట నడిచేది. ఇప్పుడు యంత్రం వెంట నడుస్తోంది. పశువుల పక్కన మేసే కొంగ ఒంటరిగా మేసేదానికంటే తక్కువ అడుగులు వేసి ఎక్కువ పురుగుల్ని పడుతుందని పరిశీలనల్లో తేలింది. పైన గద్దలు చక్కర్లు కొడతాయి. పసుల పోలిగాడు గట్టు మీది కర్ర నుంచి లేచి గాలిలోనే పురుగును పట్టి మళ్లీ అక్కడే వాలుతుంది. ఈ అలవాటు తెలిసే వ్యవసాయ శాస్త్రవేత్తలు పొలంలో టి ఆకారపు పక్షి స్థావరాలు పాతమని సలహా ఇస్తారు. అందుకు ఖర్చయ్యేది రెండు కర్రలు మాత్రమే.

దమ్ము చేసి ఒకటి రెండు రోజులైన మడి, నాట్లు పడని మడి, ఉల్లంకులకు మేలైనది. ఇక్కడే ఓపిక కావాలి. మొదటి చూపుకు ఖాళీ బురదలా కనిపిస్తుంది. గుడ్డికొంగ మట్టిరంగు చారలతో గట్టులో కలిసిపోయి ఉంటుంది. లేచి ఎగిరితేనే తెల్లటి రెక్కలు బయటపడతాయి. అడవి ఉల్లంకి తోకభాగాన్ని అదేపనిగా ఊపుతూ నడుస్తుంది. గట్టిగా అరవై గ్రాములుండే ఈ పిట్ట స్కాండినేవియా నుంచి తూర్పు సైబీరియా వరకు ఉన్న అడవి చిత్తళ్లలో గుడ్లు పెడుతుంది, ఒక్కోసారి చెట్టు మీది పాత గూటిలో కూడా. మన వరి మళ్లలో అత్యధికంగా కనిపించే వలస ఉల్లంకి ఇదే.

ముక్కు పూరేడు కనిపించడం దానికి ఇష్టమైతేనే. ఎండుగడ్డి రంగు చారలతో మోళ్ల మధ్య కదలకుండా కూర్చుంటుంది. అడుగు దూరానికి వచ్చాక బుర్రున లేచి వంకరటింకరగా ఎగిరిపోతుంది. దాని కళ్లు తలకు ఎంత వెనకగా ఉంటాయంటే, ముక్కు బురదలో దిగబడి ఉన్నా చుట్టూ దాదాపు అన్ని వైపులా చూడగలదు. ముక్కు చేసే పని కంటికి అక్కర్లేదు. ముక్కు కొస ఎముకలో సన్నని గుంటల నిండా ఒత్తిడిని పసిగట్టే నాడీ గ్రాహకాలు ఉంటాయి. బురదలో పురుగు కదిలితే తెలుస్తుంది. ఇంకో విశేషం, మిగతా ముక్కంతా మూసి ఉండగానే కొసను మాత్రం తెరవగలదు. బురదలో ముక్కంతా తెరవడం ఎంత కష్టమో ఆలోచిస్తే ఈ ఏర్పాటు విలువ అర్థమవుతుంది. గాడ్‌విట్‌దీ ఇదే పద్ధతి. దాని ముక్కు పది సెంటీమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి ముక్కు పూరేడు అందుకోలేని లోతులో మేస్తుంది. చిన్న ఉల్లంకి ముక్కు రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. పైపొరలో ఉన్నదే దాని భాగం. పక్కపక్కనే మేస్తున్నా ఒకదాని కంచంలో ఇంకొకటి చెయ్యి పెట్టని ఏర్పాటిది.

పల్లెల్లో ఈ పక్షుల గురించి తెలిసినవారికి కొదవ లేదు. నెల్లూరు ప్రాంతంలో వైద్యుడిగా పనిచేసిన టి.సి. జెర్డన్ 1862–64 మధ్య వెలువరించిన భారతదేశపు పక్షుల గ్రంథంలో తెలుగు పేర్లు కూడా నమోదు చేశాడు. పిట్టలు పట్టేవారు, వేటగాళ్లు చెప్పిన పేర్లవి. 1931లో సలీం అలీ హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే చేశాడు. ఈనాటికీ గట్టు మీద కనిపించిన రైతును అడిగితే ఏ మడిలో నిన్న నీళ్లు పెట్టారో, ఏ పిట్ట ఎప్పుడు దిగిందో చెబుతాడు. పుస్తకాల్లో దొరకని సమాచారమది. అడగకుండా గట్లు తొక్కుతూ చేలో దిగడం మాత్రం తగదు. నానిన గట్టు తెగితే నష్టపోయేది ఆ రైతే.

పొద్దెక్కాక

తొమ్మిది, పది గంటలకు నేల వేడెక్కి గాలి పైకి లేవడం మొదలవుతుంది. అప్పటిదాకా కదలని గూడబాతులు, కొంగలు రెక్కలు చాచి ఆ గాలిలో గుండ్రంగా తిరుగుతూ పైకి వెళ్తాయి. నాలుగైదు కిలోల బరువున్న పక్షి దారంతా రెక్కలు కొట్టుకుంటూ ఎగిరితే శక్తి బాగా ఖర్చవుతుంది. వేడిగాలి ఎత్తుకు తీసుకుపోతే అక్కడి నుంచి జారుతూ దూరపు చెరువుకు చేరడం తేలిక. పెద్ద పక్షుల్ని ఆకాశంలో చూడాలంటే అందుకే తెల్లవారుజాము కంటే ఈ వేళే మేలు.

గద్దల వేళ కూడా ఇదే. మార్ష్ హారియర్ జమ్ము మీద పది పదిహేను అడుగుల ఎత్తులో రెక్కల్ని వి ఆకారంలో పట్టి నెమ్మదిగా ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతుంది. దాన్ని చూడగానే నీటి మీద చెల్లాచెదురుగా ఉన్న బొల్లికోళ్లు ఒక్క ముద్దగా దగ్గర పడతాయి. గుంపులో ఒకదాన్ని ఏరి పట్టడం గద్దకు కష్టం; విడిపోయినది, జబ్బుపడినది దొరికేదాకా తిరుగుతుంది. పొలాల మీద తెల్లటి చిన్న గద్ద ఒకటి ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిస్తే అది అడవి రామదాసు, కింద ఎలుకను చూసిందన్నమాట. డెల్టా వరికి ఎలుకలు చేసే నష్టం తెలిసిన రైతుకు ఈ గద్ద, రాత్రి పూట తెల్లగుడ్లగూబ చేసే మేలు వేరే చెప్పనక్కర్లేదు. ఎలుకమందు తిన్న ఎలుకను తిని ఇవే చనిపోతుండటం బాధాకరం.

మధ్యాహ్నం బాతుల కోసం సరస్సు అంచుకు చేరాలి. అక్టోబరులో వచ్చినప్పుడు మగ, ఆడ తేడా తెలియకుండా అన్నీ గోధుమ రంగులోనే ఉంటాయి. గూళ్లు పెట్టే కాలం ముగిశాక మగబాతులు రెక్కల ఈకలన్నీ ఒకేసారి రాల్చి కొన్ని వారాలు ఎగరలేకుండా పోతాయి. ఆ కాలంలో శత్రువు కంట పడకుండా ఉండే మాసిన వేషం అది. డిసెంబరు, జనవరి నాటికి కొత్త ఈకలు వచ్చి సూదితోక బాతు చాక్లెట్ రంగు తల, మెడ వెంట తెల్ల గీత, పొడవాటి తోకతో నిగనిగలాడుతుంది. కొత్తగా నేర్చుకునేవారికి జనవరే తగిన కాలం అనడానికి ఇదొక కారణం. గరిటెముక్కు బాతు వెడల్పాటి ముక్కును నీటి మీద ఆనించి ఈదుతూ పోతుంటుంది. ముక్కు అంచుల వెంట వందకు పైగా సన్నని పళ్ల వరస ఉంటుంది. నీరు పక్కలకు పోతుంది, గింజలు, సూక్ష్మజీవులు లోపల నిలుస్తాయి.

నిద్రపోతున్న బాతుల గుంపును కూడా కాసేపు చూడాలి. గుంపు అంచున ఉన్నవి ఒక కన్ను తెరిచి నిద్రపోతాయి. 1999లో నీల్స్ రాటెన్‌బోర్గ్ బృందం మల్లార్డ్ బాతుల మీద జరిపిన పరిశోధనలో అంచున ఉన్న బాతు బయటి వైపు కంటినే తెరిచి ఉంచుతుందని, దానికి సంబంధించిన సగం మెదడు మెలకువగా ఉంటే మిగతా సగం నిద్రపోతుందని తేలింది. ఆ గుంపు దగ్గరికి పడవ పోనిస్తే అన్నీ లేస్తాయి. ఒక్కసారి లేవడానికి అయ్యే శక్తి ఖర్చును పూడ్చుకోవడానికి అవి ఆ రాత్రి మరింత మేయాలి. ఫోటో కోసం పక్షుల్ని లేపడం చిన్న తప్పేమీ కాదు.

జానెడు ముక్కులు

ఎర్రకాళ్ల కొంగ మేతను చూసి పట్టదు. సగం తెరిచిన పసుపు ముక్కును మురికి నీటిలో ముంచి, తల పక్కలకు ఊపుతూ, కాలితో అడుగును కెలుకుతూ నడుస్తుంది. చేప తగలగానే ముక్కు మూతపడుతుంది. ఇదే ప్రజాతికి చెందిన అమెరికా ఉడ్ స్టార్క్‌లో ఈ మూతపడే సమయం సెకనులో 40వ వంతు అని కొలిచారు. తెడ్డుమూతి కొంగదీ తాకి పట్టే పద్ధతే. నారాయణ పక్షి, పాముల నారిగాడు అలా కాదు; గంటసేపు కదలకుండా నిలబడి కంటితో గురిచూసి పొడుస్తాయి. అందుకే బురదనీటి మడిలో మొదటివి, తేటనీటి కాలువ ఒడ్డున రెండోవి ఎక్కువ.

నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. ఆ సందులో నత్తను పెట్టి అడకత్తెరలా నొక్కి పగలగొడుతుందని చాలాకాలం అనుకున్నారు. దగ్గరగా గమనించినప్పుడు తేలింది వేరు: పై ముక్కుతో గుల్లను నేలకు అదిమిపట్టి, కింది ముక్కు కొసను మూత సందులోంచి దూర్చి, కండరాన్ని తెంపి, మెత్తటి ఒళ్లంతా లాగేస్తుంది. గుల్ల చాలాసార్లు పగలకుండానే మిగులుతుంది. పిల్లల ముక్కుకు ఈ సందు ఉండదు, పెరిగేకొద్దీ వస్తుంది. వరి మడి గట్ల మీద ఖాళీ నత్తగుల్లల కుప్ప కనిపిస్తే అక్కడ ఈ కొంగ మేసిందని గుర్తు.

చేపల చెరువుల సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. బొచ్చె, శీలావతి పెంచే చెరువులో అయిదారడుగుల నీరు, నిటారు గట్లు ఉంటాయి. నీటికాకికీ గూడబాతుకూ అది పనికొస్తుంది కానీ, కాళ్ల మీద నిలబడే పక్షికి అందులో చోటు లేదు. కానీ పట్టుబడి అయ్యాక చెరువును ఎండగట్టే కొద్ది రోజులు అదే చెరువు కొల్లేరంతటిలోకి గొప్ప చోటు అవుతుంది. నీరు మోకాటి లోతుకు, బెత్తెడుకు, ఆపై బురదకు దిగుతూ ఉంటే, పొడుగు కాళ్ల కొంగలు మొదలు చిన్న ఉల్లంకుల దాకా వరసగా వచ్చి చేరతాయి. కొల్లేటి ప్రాంతంలో ఒకే రోజు ఎక్కువ రకాలు చూడాలనుకునేవారు ముందుగా కనుక్కోవలసింది ఎవరి చెరువు ఎండుతోందన్నదే.

పొద్దుగూకే వేళ

నాలుగున్నర తర్వాత గాలి చల్లబడుతుంది. పసుపు జిట్టంగులు, వానకోవెలలు పొలాల నుంచి గుంపులుగా వచ్చి జమ్ములోకి దిగుతాయి. నీళ్ల మధ్య నిలిచిన జమ్ము వాటికి పిల్లి, నక్క చేరలేని పడక. తెల్లకొంగలు వరసలు కట్టి చెట్లకు చేరతాయి. గులాబి గోరింకల గుంపులు ఆకాశంలో ఒకే శరీరంలా మెలికలు తిరుగుతాయి. వేల పిట్టల గుంపును ఎవరూ నడిపించరు. ఒక్కో పిట్ట తన పక్కనున్న కొద్ది పిట్టల కదలికను మాత్రమే అనుసరిస్తుంది. ఆ కదలికే గుంపంతా అలలా పాకుతుంది. చీకటి పడ్డాక బాతులు లేచి మడుల వైపు వెళ్తాయి. అప్పుడు రెక్కల చప్పుడే వినబడుతుంది.

చూసినదాన్ని లెక్క రాయకపోతే ఆ రోజు చూపు ఒక్కరితోనే ఆగిపోతుంది. పెద్ద గుంపును ఒక్కొక్కటిగా లెక్కించలేరు. ముందు ఇరవయ్యో యాభయ్యో జాగ్రత్తగా లెక్కపెట్టి, అవి ఎంత చోటు ఆక్రమించాయో చూసుకుని, గుంపులో అలాంటి ముక్కలు ఎన్ని ఉన్నాయో అంచనా కడతారు. తేదీ, వేళ, స్థలం, జాతి, సంఖ్యతో పాటు నీటి లోతు, మడిలో ఏ పంట ఉంది అన్నది కూడా రాస్తే ఆ లెక్కకు రెట్టింపు విలువ. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా నీటి పక్షుల గణన జరుగుతోంది. ఎక్కువ భాగం స్వచ్ఛందంగా వచ్చిన సాధారణ పౌరులు చేసే పనే అది. ఒకే చెరువును ఏటా ఒకే వారంలో లెక్కించడం వల్ల ఏ జాతి పెరుగుతోందో, ఏది తగ్గుతోందో తెలుస్తుంది.

కొల్లేరు విషయంలో పాత లెక్కల అవసరం బాగా తెలుస్తుంది. 1946లో కె.కె. నీలకంఠన్ ఈ ప్రాంతంలో గూడబాతుల పెద్ద గూళ్ల స్థావరాన్ని కనుగొన్నాడు. అప్పుడక్కడ సుమారు 3,000 పక్షులు గూళ్లు పెట్టేవి. 1975 ప్రాంతానికి ఆ స్థావరం అంతరించింది. 1999లో అయిదో కాంటూరు (నేల ఎత్తును చూపే గీత) వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రాంసర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తింపు వచ్చింది. 2006లో సరస్సులోని అక్రమ చేపల చెరువుల గట్లను పెద్ద ఎత్తున తొలగించారు. ఆటపాకలో చెట్లు చాలక ఇనుప మంచెలు నిలబెడితే గూడబాతులు వాటి మీద గూళ్లు పెట్టాయి. ఇదొక విజయమే. అయితే గూడబాతు లోతు నీటి చేపలతోనూ బతుకుతుంది. బెత్తెడు నీటి పక్షులకు మంచెలు పనికిరావు. గుర్రపుడెక్క కమ్మిన నీరు, లోతుగా తవ్విన చెరువు, పురుగుమందు కలిసిన మురుగు వాటిని వెళ్లగొడతాయి. రొయ్యల చెరువుల మీద అల్లిన దారాలు, వలల్లో కొన్ని చిక్కుకుంటాయి. గుళికల మందు కలిపిన గింజలు చల్లి పక్షుల్ని పట్టేవారు ఇంకా ఉన్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. అలా పట్టిన పక్షిని కొని తినేవారికీ ఆ విషం అందుతుంది.

చేయదగిన పనులు పెద్దవేమీ కావు. ఎండగట్టిన చెరువులో చివరి బెత్తెడు నీటిని ఒకే రోజు తోడెయ్యకుండా వారం రోజులు నిలపడం, కోసిన వరి మోళ్లను తగలబెట్టకుండా తడిపి ఉంచడం, గట్టు మీది తుమ్మచెట్టును కొట్టకపోవడం రైతు చేయగలడు. ఊరి బడిలో ఉపాధ్యాయుడు ఒక జత బైనాక్యులర్స్, ఒక నోటు పుస్తకంతో ఏటా జనవరిలో పిల్లల్ని ఊరి చెరువు గట్టుకు తీసుకుపోయి లెక్క రాయించగలడు. ఆ లెక్క ఈ ఏడాదే మొదలుపెట్టాలి, ఏ ఏడాదీ మానకూడదు.